భూమి అందరిదే, తవ్వుకో

పత్తికొండ బస్టాండు ఎదురుగా
టమాటా లారీలు రివర్సు తీసుకునే సందులో
మా డీటీపీ కొట్టు. బోర్డు మీద నా పేరే, ఖాసింబీ.
ఏడేండ్లు దొంగ సాఫ్ట్‌వేరుతోనే బతికినా, దాచేదేముంది.
పోయిన శ్రావణంలో వైరస్సొచ్చి
నలభై పెండ్లి పత్రికలు మింగి
డాలర్లలో దుడ్లడిగింది.

పాలిటెక్నిక్ చదివే లాలెప్ప అప్పుడన్నాడు:
"అక్కా, ఇది ఎవని సొత్తూ కాదు, అందరిదీ.
పైసా లేదు, తాళం లేదు."
తాళం లేని ఇల్లు సరే,
వాకిలి యాడుందో చెప్పే మనిషి లేడని
రొంత ఆలస్యంగా తెలిసొచ్చింది.

పేజీ సైజు మార్చాలంటే
పేజీ అన్న చోట ఉండదది.
స్టైల్ అన్నదాని కడుపులో ఇంకో కిటికీ, దానికి ఆరు చెవులు.
తొలకరి పడినాక జొన్నగిరి చేలల్లో
వజ్రాలకని వంగి నడిచే జనం మాదిరి
మధ్యాహ్నమంతా మెనూల్లో నడిచినా.
దొరికింది.
మర్సటి రోజు మళ్ళీ యాడ పెట్టినారో.

ఆ పొద్దు మద్దిలేటి పెండ్లి పత్రిక.
స్క్రీను మీద బాగానే ఉండాడు పెండ్లికొడుకు.
కాగితం మీదికొచ్చేసరికి
పేర్లోని ద వత్తు జారి
కింది వరసలో పెండ్లికూతురు నెత్తిన పడింది.
వాళ్ళ నాయన కండ్లద్దాలు పైకి జరిపి
"ముందే తలంబ్రాలు పోసేసినాడు గదమ్మా మావోడు"
అని నవ్వినాడు.
అడ్వాన్సు మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

రాత్రి కూచోని, వచ్చీ రాని ఇంగ్లీషులో
తయారుచేసినోళ్ళకు రాసినా:
మీ దాంట్లో మా వత్తు నిలబడటం లేదు.
కప్ప బొమ్మ పెట్టుకున్న ఒకాయప్ప జవాబిచ్చినాడు.
కోడ్ తెరిచే ఉంది, మీరే సరిచేసి పంపొచ్చు.
మర్యాదగానే అన్నాడు.
దాహమని పోతే
గడ్డపార చేతికిచ్చి
భూమి అందరిదే, తవ్వుకో అన్నట్టు.
మా సీమలో ఆ మాటకు నవ్వు రాదు.
మా నాయన నాలుగు బోర్లు వేయించినాడు,
నాలుగో దాంట్లో దుమ్మొచ్చింది.

అంతటితో ఆగితే నేను ఖాసింబీనెట్లయితా.
కంపెనీ లేని, యజమాని లేని ముచ్చట్ల చోటొకటుందని
అదీ లాలెప్పే చూపించినాడు.
చేరబోతే గేటు కాడే ప్రశ్న: ఏ సర్వరు?
సంతలో కొత్త మనిషిని "యా ఊరు మీది" అన్నట్టు.
ఊరైతే చెప్పొచ్చు. ఇది ఎంచుకోవాలంట.
పుట్టకముందే ఊరు ఎంచుకోమంటే ఎట్లా?
నేనొక దాంట్లో పడినా,
గుంతకల్లులో ఉండే మా కుళ్ళాయమ్మ ఇంకో దాంట్లో.
దాని పేరు కొడితే అట్లాంటి మనిషే లేదంటుంది.
ముందొక గుర్తు, పేరు, మళ్ళీ గుర్తు, సర్వరు పేరు, దానికో తోక.
ఎర్రడబ్బాలో వేసిన ఏ జాబు మీదా
ఇంత అడ్రసు రాయలేదు నేను.
రెండు నెలలు మాట్లాడుకున్నాం,
పప్పు మాడింది మొదలు పాలవాని బాకీ దాకా.
ఒక పొద్దు ఆ సర్వరు నడిపే పిల్లోడు
"కరెంటు బిల్లు నాతో కాదు" అని మూసేసినాడు.
తిట్టడానికి నోరు రాలేదు. దుడ్లిచ్చినామా ఏమన్నా.
కుళ్ళాయమ్మ ఫోన్ చేసింది:
"మన మాటలన్నీ యాడికి పోయినాయే?"

చలికాలంలో కప్పబొమ్మాయప్ప మళ్ళీ రాసినాడు.
మీ భాష నాకు రాదు,
సరిగ్గా ఉంటే ఎట్లుంటుందో చూపిస్తారా?
రసీదు పుస్తకం వెనకపక్క, నల్ల స్కెచ్చుపెన్నుతో
ద రాసినా. దాని కింద వత్తు రాసినా,
కోడి కింద పిల్ల మాదిరి.
ఫోటో తీసి పంపినా.

తొమ్మిది నెలలు. లెక్క నేనే పెట్టుకున్నా.
అప్‌డేట్ వచ్చింది. పాత ఫైలు తెరిస్తే
మద్దిలేటి నిలబడుండాడు, పిల్ల కోడి కిందనే ఉంది.
ఈపాటికి వానికి బిడ్డ పుట్టింటుంది,
నామకరణం కార్డన్నా నాకిస్తారేమో.
ప్రింట్ నొక్కినా.
ప్రింటరు కదల్లేదు.
అదే అప్‌డేటుకు దానికి మాట పడిపోయినట్టుంది.

టీ చెప్పి, షట్టరు సగం దించి
కప్పబొమ్మాయప్పకు రాయబట్టినా:
అన్నా, నీళ్ళు పడినాయి.
మోటారు తిరగడం లేదు.